బాంబినోనా, ప్రెసాజా? ముందు మణికట్టు కొలుచుకోండి

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్త. మా నాన్న హెచ్ఎంటీ జనతాకు రోజూ పొద్దున కీ ఇచ్చి పెట్టుకునేటోడు. నాకూ సెల్లు లేని వాచీ ఒకటి కావాలె. కాలేజీకి ఫుల్ హ్యాండ్స్ అంగీ కింద ఒదిగి ఉండాలె, పెండ్లిళ్లకూ పెట్టుకుపోయేటట్టు ఉండాలె. చెయ్యి కదిలితే దానంతటదే కీ నిండే ఆటోమేటిక్‌లు రెండు నచ్చినయి: ఓరియంట్ బాంబినో, సీకో ప్రెసాజ్ కాక్‌టెయిల్ టైమ్. మొదటిదానికి ఇరవై వేల చిల్లర చెప్పిన్రు, రెండోదానికి దగ్గర దగ్గర నలభై. నా మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. కాజీపేట నుంచి రోజూ బండి మీద వస్త. రెట్టింపు పైసలు పెడితే వాచీ కూడా రెట్టింపు మంచిదైతదా? ఏది కొనమంటరు?
— ఒక లెక్చరర్, కాజీపేట

జవాబు: మీకైతే బాంబినోనే. అందులోనూ 38 మి.మీ. రకం. మిగిలే డబ్బులో ఒక మంచి తోలు బెల్టు కొనుక్కుని, తక్కినది మూడు నాలుగేళ్ల తర్వాత రాబోయే సర్వీసుకు పక్కన పెట్టండి.

ముందు మణికట్టు సంగతి. వాచీ కొనేటప్పుడు అందరూ డయల్ వెడల్పే అడుగుతారు. చేతి మీద నప్పుతుందా లేదా అనేది మాత్రం నిలువు కొలతతో తేలుతుంది. అంటే పైన బెల్టు తగిలించే కొమ్ముల కొస నుంచి కింది కొమ్ముల కొస దాకా ఉన్న దూరం. ప్రెసాజ్ కాక్‌టెయిల్ వెడల్పు 40.5 మి.మీ., నిలువు 47.5 మి.మీ. చిన్న బాంబినో వెడల్పు 38.4, నిలువు 44. చుట్టుకొలత 16 సెంటీమీటర్లున్న చేతికి పైభాగం చదునుగా ఉండే మేర సుమారు 50 మి.మీ. ఉంటుంది, ఎముకను బట్టి కొంచెం అటూ ఇటూ. కాబట్టి ప్రెసాజ్ పట్టకపోదు, కానీ అంచుల దాకా వస్తుంది. అట్టముక్కలు రెండు ఒకటి 47.5, ఒకటి 44 మి.మీ. పొడవుకు కత్తిరించి, మణికట్టుకు అడ్డంగా పెట్టి అద్దంలో చూసుకోండి. దుకాణంలో వంగి చూసేటప్పుడు ఏ వాచీ అయినా ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అద్దంలో మాత్రం ఎదుటివాళ్లకు కనిపించేటట్టే కనిపిస్తుంది.

మందం విషయంలో ప్రెసాజ్‌దే కొంచెం పైచేయి. దానిది 11.8 మి.మీ., చిన్న బాంబినోది 12.5. ఆ తేడాలో ఎక్కువ భాగం బాంబినో మీద ఉబ్బెత్తుగా ఉండే అద్దానిదే. అద్దం అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి అంగీ చెయ్యి దాని మీద జారిపోతుంది. అయినా కఫ్ మరీ బిగుతుగా కుట్టించుకునే అలవాటుంటే, వాచీ పెట్టుకునే చేతికి గుండీని ఒక అర సెంటీమీటరు జరిపి కుట్టమని టైలరుకు చెప్పండి. ఈ పని ఏ డ్రెస్ వాచీకైనా అవసరమే.

ఇక రెట్టింపు ధర దేనికి? లోపలి యంత్రానికి అనుకుంటే పొరపాటు. బాంబినోలో ఎఫ్6724, ప్రెసాజ్‌లో 4ఆర్35. రెండూ గంటకు 21,600 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు ఆరు. రెండింటికీ కీ ఇవ్వవచ్చు, రెండింటిలోనూ కిరీటం (టైము మార్చడానికి పక్కన ఉండే మర) పూర్తిగా లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. పూర్తిగా నిండితే ఒకటి 40 గంటలు, ఇంకొకటి 41 గంటలు నడుస్తుంది. యంత్రం అరగకుండా ఇరుసుల దగ్గర పొదిగే రాళ్లు ఒకదానిలో 22, మరొకదానిలో 23. ఆ ఒక్క రాయితో ఒరిగేదేమీ లేదు. రోజుకు ఎంత తేడా రావచ్చో కంపెనీలు చెప్పే హద్దులు: ఓరియంట్‌కు 25 సెకన్లు ముందుకు, 15 వెనక్కి. సీకోకు 45 ముందుకు, 35 వెనక్కి. ఈ అంకెలు చూసి ఓరియంట్ ఎక్కువ కచ్చితమని అనుకోకండి. అది కంపెనీ తాను ఒప్పుకునే గరిష్ఠ హద్దు మాత్రమే. బాగున్న వాచీ రెండింటిలో ఏదైనా ఆ హద్దుకు చాలా లోపలే నడుస్తుంది, నడవనిది ఏదైనా సరిచేయించుకోవాల్సిందే.

ప్రెసాజ్‌లో అదనపు డబ్బు పోయేది డయల్‌కు. నడుమ నుంచి అంచులకు పాకే సన్నని గీతల అచ్చు, దాని మీద నిగనిగలాడే పూత, పలకలు తీర్చిన ముళ్లు. ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు, ఫంక్షన్ హాల్ దీపాల కింద ఇంకో రంగు. ఈ వరుసకు మూలమైన వాచీ 2010లో జపాన్‌లో వచ్చింది. టోక్యోలోని ఒక బార్‌టెండర్ సలహాతో, కాక్‌టెయిల్‌ల స్ఫూర్తితో రంగులు కుదిర్చారు. ప్రపంచమంతటా ప్రెసాజ్ పేరుతో 2017 నుంచి అమ్ముతున్నారు. ఈ ధరలో ఇంత అందమైన డయల్ ఇంకొకటి దొరకడం కష్టం, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. వెనక మూత గాజుది, యంత్రం తిరగడం కనిపిస్తుంది. బెల్టుకు మడత క్లాస్పు ఉంటుంది కాబట్టి తోలు త్వరగా విరగదు. నీటికి 50 మీటర్ల గుర్తింపు ఉంది, బాంబినోకు 30 మాత్రమే.

ఇంకో మాట కూడా ప్రెసాజ్ పక్షానే చెప్పాలి. దాని 4ఆర్35నే సీకో ఎన్‌హెచ్35 అనే పేరుతో బయటి కంపెనీలకూ విడిగా అమ్ముతుంది. పదేళ్లకో పదిహేనేళ్లకో యంత్రం మొత్తం పాడైనా, కొత్త ఎన్‌హెచ్35 తెప్పించి పాత డయల్, పాత ముళ్లు దాని మీదే బిగించవచ్చు. ఓరియంట్‌కు ఇంత సులువు లేదు. “రెండూ ఒకటే కంపెనీ సార్” అని కౌంటరు దగ్గర చెప్తారు. అది సగమే నిజం. 1950లో మొదలైన ఓరియంట్ ఇప్పుడు సీకో ఎప్సన్‌లో భాగం, 2017లో పూర్తిగా కలిసిపోయింది. కానీ యంత్రాలు వేరు. ఒకదాని చక్రం ఇంకొకదానిలో పట్టదు. బాంబినో అయితే ఓరియంట్ విడిభాగాలు తెప్పించగలిగిన చోటే సర్వీసు చేయించాలి.

ఇన్ని చెప్పీ మీకు బాంబినోనే అనడానికి కారణం మీ చెయ్యి, మీ దారి. రోజూ బండి మీద తిరిగే చేతికి వాచీ చిన్నదైతే హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మణికట్టు మడత దగ్గర గుచ్చుకోదు. ఈ రెండింటి మీదా ఉన్నది గీతలను బాగా తట్టుకునే సఫైర్ అద్దం కాదు. బాంబినోది మామూలు మినరల్ గాజు, ప్రెసాజ్‌ది సీకో హార్డ్‌లెక్స్. ఇది కొంచెం గట్టిదే కానీ గీతలు పడకుండా ఉండదు. పైకి ఉబికి ఉన్న అద్దం తలుపుకో గేటుకో తగలకుండా రోజులు గడవవు. రోజూ వాడే వాచీకి గీత పడ్డా మనసు విరగకూడదు. మీ మణికట్టు 17 సెంటీమీటర్లు దాటి ఉండి, వారంలో రెండు రోజులే పెట్టుకుంటానని అనుంటే జవాబు తిరగబడేది.

రెండింటిలోనూ చీకట్లో వెలిగే పూత లేదని ముందే తెలుసుకుని కొనండి. కరెంటు పోయిన రాత్రి టైము చూడాలంటే ఫోనే దిక్కు.

దుకాణంలో కౌంటరు మీదే చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. కిరీటం చివరిదాకా లాగండి. సెకన్ల ముల్లు ఆగాలి. ఆగకపోతే అది పాత యంత్రమున్న సరుకు. బాంబినోలో తొలి రకాలకు కీ ఇవ్వడం, ముల్లు ఆపడం రెండూ ఉండవు. ఎక్కడో అరలో మిగిలిపోయిన అలాంటి సరుకును కొత్త ధరకు తీసుకోకండి. తర్వాత ముళ్లు సరిగ్గా ఆరు గంటలకు పెట్టండి, రెండూ కలిసి ఒకే నిలువు గీత అయిపోవాలి. పన్నెండు దాటించి తేదీ మారేది చూడండి, అంకె కిటికీ మధ్యలో కూర్చోవాలి. ఇక వారంటీ కార్డు మీద ముద్ర, తేదీ, వెనక మూత మీది నంబరు మూడూ వేయించుకున్నాకే డబ్బు కట్టండి.

బెల్టు గురించి ఒక్క ముక్క. చిన్న బాంబినోకూ ప్రెసాజ్‌కూ 20 మి.మీ. బెల్టు పడుతుంది, అది ఎక్కడైనా దొరుకుతుంది. 40.5 మి.మీ. పెద్ద బాంబినోకు మాత్రం 21 కావాలి. వరంగల్ చౌరస్తా దాకా వెళ్లి అడిగినా 18, 20, 22 చూపిస్తారు కానీ 21 అరుదు. 22ను నొక్కి తొడిగితే అంచులు ముడుచుకుపోతాయి, 20 వేస్తే బెల్టును పట్టుకునే పుల్ల సందులో కనిపిస్తుంది. పెద్ద బాంబినో వద్దనడానికి ఇదీ ఒక కారణమే.

ప్రశ్న: ఆరు నెలల కింద బాంబినో కొన్నాను. మొన్నటిదాకా రోజుకు పది సెకన్లు ముందు నడిచేది. పోయిన వారం నుంచి ఒక్కసారిగా రోజుకు ఐదు నిమిషాలు ముందుకు పోతున్నది. కింద పడలేదు, తడవలేదు. టవర్ సర్కిల్ దగ్గర చూపిస్తే మొత్తం విప్పి సర్వీసు చేయాలన్నారు. చేయించనా?
— గృహిణి, కరీంనగర్

జవాబు: ఇప్పుడే విప్పించకండి. మీరు చెప్పిన గుర్తులన్నీ అయస్కాంతం పట్టినట్టే ఉన్నాయి.

వాచీ వేగాన్ని నిర్ణయిస్తూ అటూ ఇటూ ఊగే బ్యాలెన్సు చక్రం మీద వెంట్రుక లాంటి సన్నని స్ప్రింగు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. దానికి అయస్కాంతం పడితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పనిచేసే పొడవు తగ్గిపోతుంది, చక్రం వడిగా ఊగుతుంది, గడియారం పరుగెత్తుతుంది. మురికి పట్టినా నూనె ఆరినా మామూలుగా వాచీ నెమ్మదిస్తుంది కానీ ఒక్క వారంలో ఇలా ముందుకు ఉరకదు.

ఇంట్లో ఎక్కడ పట్టి ఉంటుందో చూసుకోండి. ఇండక్షన్ పొయ్యి పక్కన గట్టు మీద వాచీ పెడుతున్నారా? బ్లూటూత్ స్పీకరు మీద? హ్యాండ్‌బ్యాగ్ మూతకు, ఫోను కవరుకు ఉండే చిన్న అయస్కాంతం కూడా చాలు. అలాంటివాటికి కనీసం ఐదు సెంటీమీటర్ల దూరం ఉంచాలి. పొయ్యికైతే ఇంకా దూరం.

పరీక్షకు పిల్లల జామెట్రీ పెట్టెలోదో, ట్రెక్కింగ్‌దో చిన్న దిక్సూచి తీసుకుని, బల్ల మీద పెట్టి, వాచీని మెల్లగా దగ్గరకు జరపండి. స్టీలు కాబట్టి ముల్లు కొద్దిగా కదలడం మామూలే. వాచీని తిప్పిన కొద్దీ ముల్లు వెంటపడి ఊగుతుంటే అయస్కాంతం ఉన్నట్టే.

దీన్ని తీసేసే చిన్న పరికరం రిపేరు దుకాణాల్లో ఉంటుంది, విడిగానూ చవకగా దొరుకుతుంది. కరెంటుకు తగిలించి, వాచీని దాని మీద పెట్టి, బటన్ నొక్కి, నొక్కి ఉంచే వాచీని నిటారుగా మెల్లగా అర మీటరు ఎత్తు దాకా లేపి, అప్పుడు బటన్ వదలాలి. వాచీ ఇంకా దాని మీద ఉండగానే వదిలేస్తే ఉన్నదానికి తోడు మళ్లీ అయస్కాంతం పడుతుంది. చాలామంది చేసే తప్పు అదే. పరికరం త్వరగా వేడెక్కుతుంది కాబట్టి బటన్‌ను కొన్ని సెకన్లకు మించి నొక్కి ఉంచకూడదు. ఆ తర్వాత మూడు రోజులు ఫోను టైముతో పోల్చి రాసుకోండి. అప్పటికీ ఐదు నిమిషాలు తేడా వస్తుంటే స్ప్రింగు చుట్టలు దెబ్బకు చిక్కుపడి ఉంటాయి. అప్పుడు విప్పించాల్సిందే, అదీ వారంటీలో, కంపెనీ సర్వీసులో.

ప్రశ్న: సింగరేణిలో షిఫ్టు డ్యూటీ. డ్యూటీకి వాచీ పెట్టుకోను, సెలవు రోజే ప్రెసాజ్ పెట్టుకుంట. తీసేసరికి ఆగిపోయి ఉంటది. రాత్రి పది గంటలకు తేదీ మార్చిన, ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండుకు తేదీ మారుతున్నది. చెడగొట్టిన్నా? తిప్పుతూ ఉండే డబ్బా కొనాల్నా?
— గోదావరిఖని

జవాబు: మధ్యాహ్నం తేదీ మారడం చెడిపోవడం కాదు. టైము పన్నెండు గంటల తేడాతో పెట్టారు, అంతే. కానీ రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా తేదీ ముట్టుకోవద్దు. ఆ గంటల్లో తేదీ చక్రాన్ని తోసే పన్ను అప్పటికే దానికి తగులుకుని ఉంటుంది. అప్పుడు చేత్తో తిప్పితే పన్ను అరగడమో విరగడమో జరుగుతుంది. ఇక్కడ చూడాల్సింది గోడ మీది టైము కాదు, ముళ్లు చూపించే టైము.

ఇలా చేయండి. ముందు కిరీటం రెండో మెట్టుకు లాగి ముళ్లను ఆరు గంటల దగ్గరకు తెచ్చుకోండి. కిరీటం ఒక మెట్టు లోపలికి నొక్కి, నిన్నటి తేదీ పెట్టండి. మళ్లీ రెండో మెట్టుకు లాగి ముళ్లను ముందుకే తిప్పండి. తేదీ ఇవాళ్టిది అయిందంటే అర్ధరాత్రి దాటినట్టు. అక్కడి నుంచి అసలు టైముకు తీసుకురండి, మధ్యాహ్నమైతే పన్నెండును ఇంకోసారి దాటించాలి. ముప్పై ఒకటి లేని నెలల తర్వాత, ఏడాదికి ఐదుసార్లు, తేదీని చేత్తో సరిచేయాల్సి వస్తుంది.

డబ్బా అవసరం లేదు. కిరీటాన్ని ఇరవై ముప్పై సార్లు తిప్పి చేతికి పెట్టుకుంటే చాలు, తర్వాత మీ నడకే నింపుతుంది. ఎక్కువ తిప్పితే తెగుతుందన్న భయం వద్దు. ఆటోమేటిక్‌లో వాచీని నడిపే మెయిన్ స్ప్రింగు బయటి కొస డబ్బీ గోడను పట్టుకుని ఉంటుంది కానీ అతికి ఉండదు, నిండగానే జారిపోతుంది. పాత హెచ్ఎంటీ లాంటి కీ వాచీల్లో మాత్రం చివర గట్టిగా ఆగుతుంది. అక్కడ బలవంతం చేస్తే తెగేది తెగుతుంది.

ప్రశ్న: మేడారం జాతరలో జంపన్న వాగులో స్నానం చేసేటప్పుడు బాంబినో తీయడం మరిచిపోయాను. అద్దం లోపల మంచు పట్టింది. ఎండలో పెడితే పోయింది, సాయంత్రం మళ్లీ వచ్చింది. 30 మీటర్లని రాసి ఉంది కదా?
— ములుగు

జవాబు: ఇవాళే రిపేరుకు ఇవ్వండి. 30 మీటర్లంటే అంత లోతుకు దిగొచ్చని కాదు. కదలకుండా, కొత్త రబ్బరు రింగులతో చేసిన పరీక్ష అది. చేతులు కడుక్కున్నప్పుడు పడే తుంపర, చెమట, కొద్దిపాటి చినుకులు, అంతవరకే. స్నానం అందులోకి రాదు.

మంచు పోయి మళ్లీ వచ్చిందంటే నీరు లోపలే ఉంది. ఎండలో అది ఆవిరై అద్దం వదిలి యంత్రం మీద చేరుతుంది. అందుకే ఎండ, హెయిర్ డ్రయ్యర్ రెండూ వద్దు. బియ్యంలో పెట్టడమూ వద్దు, పిండి దుమ్ము తప్ప ఒరిగేదేమీ లేదు. కిరీటం లాగకండి, కీ ఇవ్వకండి. మెకానిక్ వెనక మూత విప్పి ఆరబెట్టాలి, కిరీటం పుల్ల, దాని పక్క స్టీలు ముక్కలు తుప్పు పట్టాయేమో చూడాలి. తుప్పు ముందుగా అక్కడే మొదలవుతుంది. వాగు నీటిలో మట్టి కూడా ఉంటుంది కాబట్టి శుభ్రం చేసి నూనె వేయించడమే మేలు. మూత బిగించేటప్పుడు కొత్త రబ్బరు రింగు వేయించి, నీటి పరీక్ష యంత్రం ఉన్న చోటే చేయించండి. తడిసిన తోలు బెల్టు నీడలో ఆరనివ్వండి.

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. బాంబినో కొనే స్తోమత లేదు. ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకు సీకో 5 ఆటోమేటిక్ కనిపించింది, ఎర్ర డయల్, కొత్తదానిలా మెరుస్తోంది. తీసుకోవచ్చా?
— విద్యార్థి, హనుమకొండ

జవాబు: వద్దు. వీటిని వాచీల వాళ్లు ముంబై స్పెషల్ అంటారు. నలభై యాభై ఏళ్ల కిందటి సీకో యంత్రం, ఎక్కువగా 7009 రకం, తీసుకుని, దాని కేసును (బయటి లోహపు గూడును) కొత్తగా పాలిష్ చేసి, డయల్‌కు మళ్లీ రంగు కొట్టి అమ్ముతారు. లోపల అసలు భాగాలు కొన్ని ఉంటాయి, ఎన్ని వాచీల నుంచి తెచ్చినవో చెప్పలేం. నూనె ఉండదు, రింగులుండవు. సర్వీసు ఖర్చు మీరు పెట్టిన ధరను దాటిపోతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. అసలు డయల్ కింది అంచున, ఆరు దగ్గర, కంటికి కష్టంగా కనిపించే సన్నని అంకెలుంటాయి. మళ్లీ రంగు కొట్టినదానిలో అవి ఉండవు, ఉన్నా మసకగా అలికినట్టుంటాయి. వెనక మూత మీద అడ్డగీతకు ముందుండే నాలుగు అంకెలు యంత్రం నంబరు, ఆ తర్వాతివి కేసువి. మూత మీద 7009 అని ఉండి డయల్ మీద ఇంకేదో ఉంటే అది అతుకుల వాచీ. సీరియల్ నంబరులో మొదటి అంకె ఏడాది చివరి అంకె, రెండోది నెల. సీకో 5 గుర్తు ఎక్కడుందో కాదు, అక్షరాలు ఎంత పదునుగా ఉన్నాయో భూతద్దంతో చూడండి.

అదే డబ్బుకు పాత హెచ్ఎంటీ కీ వాచీ ఒకటి, రంగు కొట్టని డయల్‌తో, తెలిసిన ఇంట్లో నుంచి వెతకండి. 1961లో జపాన్ సిటిజెన్ సహకారంతో బెంగళూరులో మొదలైన వాచీలవి, సాదా యంత్రం. డయల్ మీద వయసు మరకలు కనిపించినా సరే, కదిలిస్తే సెకన్ల ముల్లు వెంటనే నడిచేది, కీ ఇస్తే జారకుండా పట్టేది చూసి తీసుకోండి. తీసుకున్న రోజే శుభ్రం చేయించి నూనె వేయించండి.